కాలికి రెక్కలు కొనేముందు

ఈత గురించి మీరు రాసే ఉత్తరాలకు ప్రతి నెలా ఈ పేజీలో జవాబులు ఇస్తున్నాను. పిల్లలకు భయం పోగొట్టడం ఎలా, చెవిలో నీళ్ళు పోతే ఏం చేయాలి, ఇలాంటివే ఎక్కువగా వస్తుంటాయి. ఈ నెల మాత్రం సముద్రం లేని మన నాలుగు జిల్లాల నుంచి ఐదు ఉత్తరాలు ఒకే వస్తువు గురించి వచ్చాయి. గాలి సిలిండరుతో సముద్రంలో మునిగేవాళ్ళు (స్కూబా డైవింగ్), నీటిపైన బోర్లా తేలుతూ అడుగు చూసేవాళ్ళు (స్నార్కెలింగ్) కాళ్ళకు తొడుక్కునే రెక్కల్లాంటి ఫిన్ల గురించి. నందికొట్కూరు దగ్గర పల్లెలో, మా చేని దిగుడు బావిలో, నడుముకు బెండ్లు కట్టుకుని ఈత నేర్చుకున్న నాకు ఈ ఉత్తరాలు ఎంత సంతోషాన్నిచ్చాయో చెప్పలేను. అందుకే ఈసారి పేజీ మొత్తం వీటికే.

ప్రశ్న: పోయిన ఏడాది గోవాలో అద్దెకు ఇచ్చిన ఫిన్లతో అరగంట ఈదేసరికి బొటనవేలు దగ్గర చర్మం లేచిపోయింది, పిక్కలు పట్టేశాయి. ఈ జనవరిలో మా వారు, నేను అండమాన్ వెళ్తున్నాం. స్నార్కెలింగ్‌తో పాటు ఒకటి రెండు స్కూబా డైవులు కూడా చేయాలని ఉంది. తేలికగా, కాలికి హాయిగా ఉండే ఫిన్లు సొంతానికి కొనుక్కుందామని చూస్తే వందల రకాలు కనిపిస్తున్నాయి. ఎలా ఎంచుకోవాలి?
— ఒక బ్యాంకు ఉద్యోగిని, అనంతపురం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదవగానే నా కుడికాలి బొటనవేలు గుర్తుకు వచ్చింది. నేను మొదటిసారి సముద్రంలో దిగింది అండమాన్‌లోనే. నేను దిగిన దీవిని అప్పట్లో హేవ్‌లాక్ అనేవారు, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్. అద్దెకు ఇచ్చిన ఫిన్లు నా పాదం కంటే ఒక సైజు పెద్దవి. ఫరవాలేదు అన్నారు, నేనూ ఊరుకున్నాను. ఇసుక లోపలికి చేరింది. కాలు ఆడించిన ప్రతిసారీ పాదం లోపల ముందుకూ వెనక్కూ జారుతూ, బొటనవేలి కణుపు మీద ఆ ఇసుక గరుకు కాగితంలా రాసుకుంది. నీళ్ళలో ఉన్నంతసేపూ చేపల ధ్యాసలో నొప్పి తెలియలేదు. పడవ ఎక్కి ఫిన్ లాగితే రూపాయి బిళ్ళంత చర్మం దానితో పాటే వచ్చింది. మర్నాడు అందరూ డైవుకు వెళ్తే నేను జెట్టీ మీద కాలు చాపుకుని కూర్చున్నాను. అంత దూరం వెళ్ళి ఒక రోజు పోగొట్టుకున్న బాధ ఇప్పటికీ ఉంది. మీకు అది జరగకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

దుకాణంలో అందరూ చూసేది ముందున్న రెక్కను: పొడవెంత, రంగేమిటి, గాడులు ఎలా ఉన్నాయి అని. మీరు మాత్రం ముందు పాదం దూరే తొడుగు చూడండి. హాయి అంతా అక్కడే ఉంది. రెక్క కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. తొడుగు సరిపోకపోతే ఎంత ఖరీదైన ఫిన్ అయినా కాలికి శిక్షే.

తొడుగుల్లో రెండు జాతులున్నాయి. ఒకటి, బూటులా మడమ దాకా మొత్తం కప్పేది. దీన్ని ఫుల్‌ఫుట్ అంటారు, ఉత్త కాలితోనో పలచని సాక్సుతోనో వేసుకుంటాం. రెండోది, చెప్పులా వెనక పట్టీ ఉండేది. లోపల రబ్బరు నురుగుతో చేసిన బూటీలు వేసుకుని, పైన దీన్ని తొడిగి, పట్టీ బిగిస్తాం. చలి నీళ్ళలో, రాళ్ళ మీద నడిచి సముద్రంలోకి దిగాల్సిన చోట పట్టీ రకమే మంచిది. అండమాన్ నీళ్ళు వెచ్చగా ఉంటాయి, ఎక్కువ డైవులు పడవ మీద నుంచే. మీరు తేలిక అడిగారు కాబట్టి నా సలహా ఫుల్‌ఫుట్, దానితో ఒక జత పలచని ఈత సాక్సులు. ఆ సాక్సులు మాత్రం మరవకండి. మీ బొటనవేలిని కాపాడేవి అవే. పడవ లేకుండా ఒడ్డు నుంచి దిగేటప్పుడు పగడపు ముక్కలు గుచ్చుకుంటాయి. అక్కడ పాత రబ్బరు చెప్పులతో నీళ్ళదాకా వెళ్ళి, నడుము లోతులో ఫిన్లు తొడుక్కోవచ్చు. చెప్పులు ఒడ్డున ఎవరికైనా అప్పగించండి.

కొనేటప్పుడు సాయంత్రం వెళ్ళండి. రోజంతా తిరిగిన పాదం ఉదయం కంటే కొంచెం ఉబ్బి ఉంటుంది. మీరు వాడబోయే సాక్సులే తొడుక్కుని వెళ్ళండి. ఫిన్ తొడిగాక కుర్చీలో కూర్చుని కాలు ముందుకు చాపి, పైకీ కిందికీ, పక్కలకూ ఆడించండి. మడమ లేచి దిగుతుంటే అది పెద్దది. వేళ్ళు లోపల ముడుచుకుపోతే చిన్నది. వేళ్ళు కదలాలి, మడమ కదలకూడదు. అరికాలి వంపు మీద ఎక్కడైనా నొక్కుతున్నట్టు అనిపిస్తే, ఆ నొక్కు అప్పటికి చిన్నదిగానే అనిపించినా, నీళ్ళలో పావుగంటకే అరికాలు పట్టేస్తుంది. అలాగే తొడుక్కుని కనీసం పది నిమిషాలు కూర్చోండి. దుకాణదారు తొందరపెడితే పెట్టనివ్వండి. ఇంటికి తెప్పించుకుంటే తిరిగి పంపే వీలుందో లేదో ముందే చూసుకుని, టీవీ ముందు ఈ పని చేయండి. సైజులు ఎక్కువగా యూరప్ అంకెల్లో, 38–39, 40–41 అని జంటగా వస్తాయి. మన 8 నంబరు సుమారుగా వాళ్ళ 42. కానీ కంపెనీకీ కంపెనీకీ తేడా ఉంటుంది కాబట్టి అంకె కంటే మీ కాలు చెప్పేది నమ్మండి.

ఇక బరువు. మా గురువుగారి దగ్గర నల్లటి మొద్దు రబ్బరు ఫిన్లుండేవి. ఒకసారి సరదాకు మా వంటింటి కాటా మీద పెడితే జత 2 కిలోల 800 గ్రాములు తూగింది. నా పొట్టి ప్లాస్టిక్ ఫిన్లు 1 కిలో 350. విమానంలో మామూలు టికెట్టుకు సాధారణంగా 15 కిలోల సామాను, చేతిలో 7 కిలోలు అనుమతిస్తారు కదా, ఆ లెక్కలో కిలోన్నర తేడా అంటే ఇద్దరి బట్టలు. పొడవు కూడా చూడండి. 55 సెంటీమీటర్ల చేతి పెట్టెలో మామూలు ఫిన్లు పట్టవు, ప్రయాణాల కోసం చేసిన పొట్టివి అడ్డంగానో ఐమూలగానో పడతాయి. నీళ్ళలో దిగాక బరువు లెక్క వేరు. కొన్ని ఫిన్లు తేలతాయి, కొన్ని మునుగుతాయి. బాగా తేలేవి స్నార్కెలింగ్‌లో మడమలను నీటి పైకి లేపేస్తాయి, రెక్క గాలిలో కొట్టుకుని చప్పుడు తప్ప ప్రయాణం ఉండదు. డైవులో కాళ్ళు పైకి, తల కిందికి లాగుతుంది. నీళ్ళలో వదిలితే మెల్లగా మునిగేదో, ఉన్నచోటే నిలిచేదో మీకు బాగుంటుంది.

మీ పిక్కలు పట్టడానికి కారణం రెక్క గట్టిదనమే కావచ్చు. గట్టి రెక్క ఎక్కువ నీటిని నెడుతుంది, నిజమే. కానీ ఆ నీరంతా తిరిగి మీ చీలమండను నెడుతుంది. ఇది కొత్త సంగతి కూడా కాదు. అమెరికాకు చెందిన బెంజమిన్ ఫ్రాంక్లిన్ చిన్నతనంలో, 18వ శతాబ్దం మొదట్లోనే, చేతులకు చెక్క పలకలు తగిలించుకుని ఈది చూశాడు. వేగం పెరిగింది గానీ మణికట్లు అలసిపోయాయని తరువాత రాసుకున్నాడు. పాదాలకూ చెప్పుల్లాంటివి కట్టి చూసి, అవి తృప్తినివ్వలేదన్నాడు. ఇప్పుడు మనం చూస్తున్న లాంటి ఫిన్లకు ఫ్రాన్స్ నౌకాదళ అధికారి లూయీ ద కోర్లియూ 1933లో పేటెంటు తీసుకున్నాడు. దుకాణంలో రెక్క కొసను రెండు వేళ్ళతో పట్టుకుని వంచండి. తేలిగ్గా, సమానంగా విల్లులా వంగి, వదలగానే తిన్నగా వస్తే అది మీకు పనికొస్తుంది. చెక్కలా మొండికేస్తే వద్దు. బరువైన సామాను, ఎదురు ప్రవాహం ఉండేవాళ్ళకు గట్టివి కావాలి. మీరు వెళ్ళే డైవులకు అక్కర్లేదు.

ఇంకొక మాట, ఇది మన ప్రాంతం వాళ్ళకే చెప్పాల్సింది. మనలో చాలామందికి బావి ఈత వచ్చు. బావిలో చోటు తక్కువ కాబట్టి నిలువుగా ఉండి నీళ్ళు తొక్కడం అలవాటవుతుంది. ఫిన్లు వేసుకున్నాక కూడా కాళ్ళు అదే పని చేస్తాయి, సైకిలు తొక్కినట్టు మోకాళ్ళు మడిచి మడిచి కొడతారు. ఇలా ఈదేవాళ్ళను నేను కొలనులో రోజూ చూస్తాను: నీళ్ళు తెల్లగా నురుగు కక్కుతాయి, మనిషి మాత్రం అడుగు కదలడు. కాలు తొడ దగ్గర నుంచి కదలాలి. మోకాలు కొద్దిగా వంగితే చాలు, పాదం కొస చాచి ఉండాలి. కొట్టుడు పెద్దదిగా, నిదానంగా ఉండాలి. మరో మంచి సంగతి కూడా బావి నుంచే వస్తుంది. కప్ప ఈత తెలిసినవాళ్ళు డైవులో అదే కాళ్ళ కదలికను వాడితే అడుగున ఇసుక లేవదు, పగడాలకు రెక్క తగలదు. చాలా ఏళ్ళకు గానీ పెరగని పగడపు కొమ్మ ఒక్క తన్నుకు విరిగిపోతుంది, అది గుర్తుంటే చాలు. మధ్యలో చీలిక ఉన్న ఫిన్లు మోకాళ్ళకు సుఖం గానీ ఈ కప్ప ఈతకు అంతగా లొంగవు. మీకు కప్ప ఈత వచ్చి ఉంటే చీలిక లేనివి, పొట్టివి, వెడల్పువి తీసుకోండి.

కొన్న వెంటనే అండమాన్‌కు మోయకండి. అనంతపురంలోనే ఈత కొలనులో అనుమతి అడిగి, నాలుగైదు సార్లు ఒక్కో గంట ఈదండి. నొప్పి ఉంటే అక్కడే బయటపడుతుంది. పిక్క పట్టేస్తే కంగారు పడకుండా తేలుతూ, మోకాలు తిన్నగా చాపి, ఫిన్ కొసను చేత్తో మీ వైపుకు లాగి పట్టుకోండి, అర నిమిషంలో వదులుతుంది. ఇది మీ వారికీ నేర్పండి. నీళ్ళలో ఒకరికి పట్టేస్తే రెండోవాళ్ళు చేయాల్సిన సాయం ఇదే.

అన్నట్టు, డబ్బు ఒక్క వస్తువుకే సరిపోతుందనుకుంటే ముందు మాస్కు, అంటే కళ్ళూ ముక్కూ కప్పే అద్దం, కొనండి. ఫిన్లు అద్దెవి సర్దుకోగలం, ముఖానికి సరిపడని మాస్కులోకి నీళ్ళు కారుతుంటే సముద్రమే కనిపించదు.

ప్రశ్న: నాకు 61 ఏళ్ళు. ఉపాధ్యాయుడిగా రిటైరయ్యాను. బెంగుళూరులో ఉన్న మా అబ్బాయి కర్ణాటక తీరంలో మురుడేశ్వర్ దగ్గర నేత్రాణి దీవికి రమ్మంటున్నాడు. పెన్నలో ఈదిన వాణ్ణే గానీ మోకాళ్ళ నొప్పులున్నాయి. ఫిన్లు వేసుకుంటే ఇంకా నొప్పి పెడుతుందా?
— ప్రొద్దుటూరు పాఠకుడు

జవాబు: మాస్టారూ, తప్పకుండా వెళ్ళండి. మీ వయసులో అబ్బాయి పిలిచి సముద్రం చూపిస్తానంటే అంతకంటే ఏం కావాలి! అయితే ముందు మీ వైద్యుణ్ణి కలవండి. డైవింగ్ కేంద్రాల్లో ఆరోగ్య ప్రశ్నపత్రం ఒకటి నింపమంటారు. బీపీ, గుండె, ఊపిరితిత్తుల గురించి అడిగిన వాటికి ‘అవును’ అని రాయాల్సి వస్తే వైద్యుడి సంతకం కావాలి. పడవ ఎక్కాక ఆ కాగితం చూసి వెనక్కి తిరగడం కంటే ప్రొద్దుటూరులోనే ఆ పని పూర్తి చేసుకోవడం మేలు.

మోకాళ్ళకు ఇబ్బంది కలిగించేది ఫిన్ కంటే దాని గట్టిదనం, పొడవు. మీకు మెత్తని రెక్క, పొట్టి రెక్క. చీలిక ఉన్న రకం దొరికితే అడగండి, పైన బ్యాంకు ఉద్యోగినికి వద్దన్నదే మీకు నేను చెబుతున్నాను. కప్ప ఈతలో మోకాలు పక్కకు తిరుగుతుంది, నొప్పి ఉన్న మోకాలికి ఆ తిప్పుడు పడదు. మీరు కాళ్ళు రెండూ తిన్నగా, చిన్నచిన్నగా ఆడిస్తే చాలు. వంగి మడమ దగ్గర ఫిన్ లాక్కోవడం కష్టమైతే, బిగించే పట్టీకి బదులు స్ప్రింగు పట్టీ ఉన్నవి అడగండి. ఒక్క వేలితో లాగి వదిలితే సరిపోతుంది.

మురుడేశ్వర్ నుంచి నేత్రాణి సుమారు 19 కిలోమీటర్లు, పడవ ఊగుతుంది. ఆ ఊగే పడవలో ఫిన్లు వేసుకుని నడవకండి. అంచున కూర్చున్నాకే, దిగబోయే ముందు మాత్రమే తొడిగించుకోండి. ఎప్పుడైనా నడవక తప్పకపోతే వెనక్కి నడవాలి. నిచ్చెన ఎక్కేముందు ఫిన్లు విప్పి పైవాళ్ళకు అందించండి, మోకాళ్ళ మీద సగం భారం తగ్గుతుంది.

ప్రశ్న: నాకు 20 ఏళ్ళు. వీడియోలో చూసిన కార్బన్ ఫైబర్ పొడవాటి ఫిన్లు కొనాలని డబ్బు దాచుకుంటున్నాను. ఊపిరి బిగబట్టి మునగడం మా ఊరి దగ్గర తుంగభద్ర దిగువ కాలువలో సాధన చేద్దామనుకుంటున్నాను. ఎంత పొడవువి కొనాలి?
— ఆదోని పాఠకుడు

జవాబు: నాయనా, కాలువలో వద్దు. ఒంటరిగా అసలే వద్దు. ఇది బతిమాలి చెబుతున్నాను.

కాలువ గట్టు కాంక్రీటు, పైన నాచు. ఎక్కుదామంటే పట్టు దొరకదు. నీళ్ళు పైకి నిదానంగా కనిపిస్తాయి, తూము దగ్గర మనిషిని లోపలికి లాగేస్తాయి. దానికి తోడు ఊపిరి బిగబట్టడం. మునిగే ముందు గబగబా ఊపిరి తీసి వదిలితే ఎక్కువసేపు ఉండగలుగుతున్నామని అనిపిస్తుంది. జరిగేది ఏమిటంటే, ఒంట్లో బొగ్గుపులుసు వాయువు తగ్గిపోతుంది. ఊపిరి తీసుకోమని శరీరానికి చెప్పేది ముఖ్యంగా అదే. అది హెచ్చరించే లోపే ప్రాణవాయువు అయిపోయి, ఏ బాధా తెలియకుండా స్పృహ తప్పుతుంది. నడుము లోతు నీళ్ళలోనూ ఇలా ప్రాణాలు పోయాయి. బాగా ఈత వచ్చినవాళ్ళవే పోయాయి.

ఆ పొడవాటి రెక్కలు అందమైనవే, నాకూ ఇష్టమే. అవి లోతుకు నిలువుగా దిగి, నిలువుగా పైకి వచ్చేవాళ్ళ కోసం చేసినవి. రాయి తగిలితే పగులుతాయి, కాలువలో రాయి తగలక మానదు. ఆ డబ్బు అలాగే దాచు. ముందు ఒక శిక్షకుడి దగ్గర నేర్చుకో. ఆదోని నుంచి గుంతకల్లు ఎంత దూరం? అక్కడ అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే హుబ్బళ్ళి మీదుగా గోవాలో వాస్కో దాకా తీసుకెళ్తుంది. అక్కడ శిక్షణ కేంద్రాలున్నాయి. నీ పక్కన నిన్నే చూస్తూ ఒక మనిషి ఉన్నప్పుడు, ఉన్నచోట మాత్రమే ఊపిరి బిగబట్టు. నేర్చుకున్నాక ఫిన్ల పొడవు గురించి మళ్ళీ రాయి, ఎంత వివరంగా కావాలంటే అంత వివరంగా చెబుతాను.

ప్రశ్న: మా పాపకు తొమ్మిదేళ్ళు. ఏటా కొనలేం కదా అని రెండు సైజులు పెద్ద ఫిన్లు కొంటే సాక్సులు వేసి సరిపెట్టవచ్చా?
— ఒక తల్లి, కడప

జవాబు: వద్దమ్మా. బడి బూట్లకు దూది కుక్కినట్టు దీనికి కుదరదు. కాలు కొట్టగానే ఊడిపోతాయి, పాప భయపడుతుంది, ఆ భయం తీయడానికి మనకు ఏడాది పడుతుంది. పిల్లల కోసం సైజు సర్దుకునే పట్టీ రకాలు దొరుకుతాయి, పొట్టి రెక్కవి తీసుకోండి, రెండు మూడేళ్ళు వస్తాయి. ఇప్పటికి కొలనులో, మీ చేతికి అందేంత దూరంలో చాలు. వారంలో రెండు రోజులు ఫిన్లతో, మిగతా రోజులు ఉత్త కాళ్ళతో ఈదనివ్వండి. లేకపోతే ఫిన్లు తీసిన రోజు కాళ్ళు బరువెక్కాయని ఏడుస్తుంది.

ప్రశ్న: అండమాన్ నుంచి వచ్చాక ఫిన్లు కడిగి మిద్దె మీద ఆరబెట్టి మరిచిపోయాను. మే నెలంతా అక్కడే ఉన్నాయి. ఇప్పుడు ఒక రెక్క పక్కకు వంగిపోయింది. పారేయాలా?
— నంద్యాల పాఠకుడు

జవాబు: అయ్యో, మన మే నెల ఎండలోనా! నలభై దాటిన ఎండలో మిద్దె నేల పెనంలా కాలుతుంది. ఆ వేడికి ప్లాస్టిక్ మెత్తబడి, గోడకు ఎలా ఆనించి ఉంటే అలా వంగుతుంది. ఫిన్లను ఎప్పుడూ కొస మీద నిలబెట్టకూడదు, గోడకు ఆనించకూడదు. మంచినీళ్ళలో కడిగి, నీడలో గాలికి ఆరబెట్టి, పడుకోబెట్టి ఉంచాలి. కొన్నప్పుడు తొడుగు లోపల ప్లాస్టిక్ పాదం అచ్చులు వస్తాయి, వాటిని తిరిగి దూర్చి పెడితే తొడుగు నలిగిపోదు. కారు డిక్కీ కూడా మిద్దె లాంటిదే.

పారేయడానికి ముందు ఒకసారి ఇలా చేసి చూడండి. వెడల్పాటి తొట్టిలో వేడి నీళ్ళు పోయండి. మరుగుతున్నవి కాదు, చేయి పెడితే చురుక్కుమని వెనక్కి తీసుకునేంత వేడి. వంగిన రెక్కను అందులో ఐదారు నిమిషాలు ఉంచి, మెత్తబడ్డాక తీసి చేత్తో తిన్నగా సర్ది, ఇంట్లో కడప బండ పరిచిన చోట పెట్టండి. చల్లని బండ మీద తొందరగా గట్టిపడుతుంది. పైన ఒక పలక, దాని మీద బియ్యం సంచి. ఒక రాత్రంతా కదపకండి. పూర్తిగా రాకపోతే ఇంకోసారి. నా పాత జతను ఒకసారి ఇలాగే బతికించుకున్నాను. రెక్క మీద తెల్లని గీతలు, సన్నని పగుళ్ళు కనిపిస్తే మాత్రం దాన్ని సముద్రంలోకి తీసుకెళ్ళకండి, నీళ్ళలో విరిగితే ఒక కాలితో పడవ దాకా ఈదాల్సి వస్తుంది. పట్టీ రకమైతే పట్టీని సాగదీసి చూడండి, మిద్దె మీద ఎండకు ముందు చచ్చేది అదే. కొత్త పట్టీ విడిగా దొరుకుతుంది.

తిన్నగా వచ్చిందో లేదో రాయండి. ఫోటో పంపితే ఇంకా మంచిది.